ఓడవాళ్ళ ఫాతెహా

పరుపు ఏకించుకోవడానికి వచ్చిన మనిషి పరుపు సంగతి మర్చిపోయి గోడ వంక చూస్తూ నిలబడిపోయాడు. నాగుల్ మీరా అప్పటికే ఒక మూల కుట్లు విప్పి, గుప్పెడు దూది బయటికి లాగి, వేళ్ళ మధ్య నలిపి చూస్తున్నాడు.

"బూరుగు దూదేనండీ. గడ్డకట్టింది గానీ చెడిపోలేదు. ఏకితే మళ్ళీ కొత్త పరుపే," అని తలెత్తాడు. ఎదుటివాడు వింటే కదా!

కొట్లో ఉన్నది ఒకటే ఫోటో. తెల్ల యూనిఫారం, తెల్ల టోపీ, దాని కింద నవ్వు ఆపుకుంటున్న కుర్ర మొహం.

"ఆయన మీకేమవుతారండీ?"

విజయవాడ వించిపేటలో ఆ కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ ఈ ప్రశ్న అడగనివాళ్ళు తక్కువ. "మా అన్నయ్యండీ, నేవీలో చేశాడు" అనేసి పనిలో పడిపోవడం మీరాకి అలవాటే. కానీ ఈసారి నోరు తెరిచేలోపే ఆ పెద్దమనిషి తనంతట తనే అన్నాడు.

"మౌలాలి. మౌలాలి కదూ? నా పేరు అంతోనండీ. మేమిద్దరం ఒకే ఓడ."

మునిగిపోయిన ఓడలోంచి బతికి బయటపడ్డ మనిషి నడిచొచ్చి కొట్లో నిలబడితే ఎవరైనా ఏం చేస్తారు? చెయ్యి పట్టుకుంటారు, కూర్చోబెడతారు, టీ తెప్పిస్తారు, మా అన్నకేమైందో చెప్పండి బాబూ అని అడుగుతారు. నాగుల్ మీరా ఇవేవీ చెయ్యలేదు. దూదిని గబగబా మళ్ళీ పరుపులోకి కుక్కాడు.

"మీరు మళ్ళీ ఇంత దూరం రావద్దండీ. నేనే మీ ఇంటికొచ్చి ఏకి కుట్టిస్తాను. అడ్రసు చెప్పండి," అన్నాడు. చెబుతున్నంతసేపూ కొట్టు వెనక ఉన్న గుమ్మం వైపే చూశాడు. ఆ గుమ్మం అవతలే వాళ్ళ ఇల్లు. అమ్మ వినికిడి ఇంకా పదునుగానే ఉంది మరి.

అంతోని గుణదలలో కూతురు హన్నా ఇంటి గుర్తులు చెప్పి, ఫోటో వంక ఇంకోసారి చూసి, పరుపు మళ్ళీ రిక్షాలో వేయించుకుని వెళ్ళిపోయాడు.

మీరా అలా ఎందుకు చేశాడో తెలియాలంటే ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పుకోవాలి.

వాళ్ళు దూదేకులవాళ్ళు, సొంతూరు చల్లపల్లి పక్కన. తండ్రి సైదులు ఏకే విల్లు భుజాన వేసుకుని కృష్ణ ఒడ్డున లంక ఊళ్ళన్నీ తిరిగేవాడు. ఎవరి పరుపు వాళ్ళ వాకిట్లోనే విప్పి, దూది ఏకి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. పెద్దకొడుకు మౌలాలికి ఆ దుమ్ము పడేది కాదు. ఒకటే తుమ్ములు. "నన్ను దూది లేని చోటికి పంపించు నాన్నా" అని మొత్తుకునేవాడు. బందరులో నేవీకి కుర్రాళ్ళని తీసుకుంటున్నారని తెలిసి వెళ్ళి, ఎంపికైపోయి వచ్చాడు. ఓడ అడుగున ఇంజను గదిలో పని. మొదటి సెలవుకి వచ్చినప్పుడు తల్లి ఆదెమ్మ వాడి గోళ్ళు చూసి, "దూది వద్దని పోయి మసిలో పడ్డావట్రా!" అని దిష్టి తీసింది. చిన్నోడు నాగుల్ మీరాకి తుమ్ములు రావు కాబట్టి విల్లు వాడి భుజానికొచ్చింది.

డెబ్భైలో మౌలాలికి మైలవరం పిల్ల సాజిదాతో నిఖా అయింది. ఆ తర్వాత రెండంటే రెండు సార్లు సెలవుకొచ్చాడు. మరుసటి ఏడు డిసెంబరులో యుద్ధం, పడమటి సముద్రంలో ఓడ మునిగిపోవడం, ఇంటికి తంతి రావడం, అన్నీ ఒక్క ఊపున జరిగిపోయాయి. ఆచూకీ తెలియలేదు, బతికుండే అవకాశం లేదు అని ఉంది అందులో. ఆదెమ్మ ఆ మాటలో ముందు సగమే తీసుకుంది.

"ఆచూకీ తెలియలేదంటే తెలియలేదనేగా అర్థం! సముద్రం అడుక్కి దిగి చూసొచ్చారా వాళ్ళు?"

అయితే ఓడలో పోయిన మిగతావాళ్ళ మీద ఆమెకి ఎక్కడలేని జాలి. ఎంతమంది తల్లుల కడుపు కోతో అని తెగ బాధపడేది. ఏడాది తిరిగేసరికి అదే రోజున రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీదా చేసి, మసీదు నుంచి ఇష్తియాక్ సాబుని పిలిపించింది. పోయినవాళ్ళని తలుచుకుని, వండింది ముందు పెట్టి చదివించే ఫాతెహా వాళ్ళిళ్ళల్లో ఉన్నదే. ఓడ మొత్తానికి చదవమనడమే కొత్త. ఇష్తియాక్ సాబు అప్పటికి గడ్డం సరిగ్గా రాని వయసువాడు, నసిగాడు.

"అమ్మా, ఆ ఓడలో హిందువులు ఉంటారు, కిరస్తానీలు ఉంటారు. అందరికీ కలిపి ఎట్లా..."

"నీళ్ళు వాళ్ళని విడదీసి ముంచినియ్యా? నువ్వు చదువు. ఎవరిది వాళ్ళకి పంచేవాడు పైన ఉన్నాడు."

సరేనని ఆయన చేతులెత్తబోతే ఆదెమ్మ అడ్డం పడింది. "మావాణ్ణి మాత్రం అందులో కలపమాక. వాడు పోలేదు."

ఇక ఏటేటా అదే తంతు. పనికోసం విజయవాడ వచ్చి స్థిరపడ్డాక కూడా మానలేదు, ఆ రోజుకి ఇష్తియాక్ సాబే ఊరి నుంచి బస్సెక్కి వచ్చేవాడు. ఓడంతటికీ ఫాతెహా, ఒక్కడికి తప్ప.

నాలుగేళ్ళు దాటాక జమాతు పెద్దలు కూర్చున్నారు. పిల్లది చిన్న వయసు, బతుకంతా ఎదురుచూపులకి ఇచ్చెయ్యమనడం న్యాయం కాదు, చిన్నోడికిచ్చి చేద్దామన్నారు. సాజిదా తల ఊపింది. మీరా కూడా ఊపాడు. నిజం చెప్పాలంటే అతనికది ఒప్పుకోవడం కాదు, దాచుకున్న కోరిక తీరడం. వచ్చిన చిక్కల్లా అదే. ఆదెమ్మ వద్దనలేదు. నిఖా రోజు పొద్దున చిన్నకొడుకు తలకి నూనె రాస్తూ ఒక్క మాటంది.

"చేసుకో. నేనేం అడ్డం రాను. వాడు తిరిగొచ్చిన రోజున గుమ్మంలోకి ఎదురెళ్ళి చెప్పేది మాత్రం నువ్వే."

కోపంగా అనలేదు. కూర వండాక ఉప్పు చూడమన్నంత మామూలుగా అంది. ఆ మాట దబ్బనంలాగా మీరా లోపల దిగబడింది. తలుపు తడితే ఉలిక్కిపడేవాడు. స్టేషను వైపు నుంచి సంచీ భుజాన వేసుకుని పొడుగాటి మనిషి వస్తున్నాడంటే చాలు, విల్లు తంతి మీద చెయ్యి ఆగిపోయేది. పాకిస్తాను జైళ్ళల్లో ఆ యుద్ధం నాటి మనవాళ్ళు ఇంకా ఉన్నారని పేపర్లో ఎప్పుడైనా పడితే ఆ పేపరు ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు, అదే పేపరు తను మాత్రం పక్క టీకొట్లో నిలబడి ఆ మూల నుంచి ఈ మూలకి చదివేవాడు. కూతురు అర్ఫా పుట్టాక ఆ భయం రెండింతలైంది. అన్న బతికుండాలని కోరుకుంటే ఈ ఇల్లు ఏమవుతుంది? పోయి ఉండాలని కోరుకుంటే తను మనిషేనా? ఏదీ కోరుకోకుండా ఉండటానికి పొద్దస్తమానం దూది ఏకుతూ కూర్చునేవాడు. ఊళ్ళో ఏకే మిషన్లు వచ్చినా విల్లు వదల్లేదు. చేత్తో ఏకితే దూది మెత్తగా ఉంటుందని గిరాకీలకి చెప్పేవాడు. అదీ నిజమే, కానీ ఆ చప్పుడులో తన ఆలోచన తనకే వినపడదని ఎవరికి చెబుతాడు?

అలా ఓడ మునిగి పాతికేళ్ళు పైబడ్డాయి. తొంభై ఎనిమిది డిసెంబరు వచ్చింది, అంతోని వచ్చాడు.

గుణదలలో హన్నా వాళ్ళ డాబా మీద చాప పరిచి మీరా పరుపు విప్పాడు. ఎదురుగా కొండ, కొండ మీద మేరీమాత. అంతోని బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"మీ అన్న ఉన్నాడే..." అని మొదలుపెట్టాడో లేదో, మీరా గూటంతో విల్లు తంతి మీద లాగి ఒక్కటిచ్చాడు. తాంయ్ మని మోగి, దూది పింజలు పింజలుగా లేచి అంతోని మీసాల మీద వాలింది. ఆయన మొహం తుడుచుకుని, ఆగాక మళ్ళీ మొదలుపెట్టాడు. తాంయ్. తాంయ్. తాంయ్. పాపం, ఆయన మంచివాడు, చేతివృత్తివాళ్ళకి పనిలో పలకరింపు నచ్చదేమోననుకుని ఊరుకున్నాడు. కాసేపటికి ఏకిన దూదినే మీరా మళ్ళీ విల్లు కిందకి లాక్కుంటుంటే మాత్రం ఉండబట్టలేకపోయాడు.

"మీరా గారూ, అది ఇందాక అయిపోయిందనుకుంటానండీ."

"లేదండీ, ఇంకా పలుకుంది."

కింద నుంచి హన్నా కేకేసింది. "నాన్నా, ఇంకా అవలా? పరుపు కుడుతున్నారా, పందిరి మంచం చేస్తున్నారా?"

మీరా నవ్వలేక నవ్వి విల్లు పక్కన పెట్టాడు. గలేబులోకి దూది ఎక్కించి దబ్బనం అందుకున్నాడు. కుట్లు వేసే పనికి చప్పుడుండదు. అదీ వచ్చిన ముప్పు.

"మీ అమ్మగారు ఉన్నారా అని అడగలేదు నేను. అదే, మౌలాలి వాళ్ళమ్మ," అన్నాడు అంతోని.

"ఉన్నారండీ. పెద్దావిడైపోయింది. ఏం గుర్తుండదు." అబద్ధం. వీధిలో ఎవరింట్లో ఎప్పుడు ఏ పెళ్ళయిందో తేదీతో సహా చెప్పగలదు ఆదెమ్మ.

"ఒకసారి చూడాలని ఉందండీ. వచ్చేవారం మా ఓడ రోజు. నేనెక్కడున్నా ఆ పొద్దున గుళ్ళో ఓడవాళ్ళందరికీ పూజ చేయిస్తాను. మన కోస్తావాళ్ళ పేర్లు ఫాదర్ గారికి ఇచ్చి చదివిస్తాను. మీ అన్న పేరూ చదివిస్తాను."

దబ్బనం మీరా బొటనవేల్లో దిగింది. వేలు నోట్లో పెట్టుకుని చీకి, తీసి అడిగాడు.

"ఏ పేరని చదువుతారండీ?"

"మౌలాలి అనే. వైజాగులో మొదట్లో ఒక ఫాదరుకి నోరు తిరగక మౌళి అనేవారు. సరిదిద్దాను."

ఇంట్లో ఇన్నేళ్ళుగా ఎవరూ పోయినవాళ్ళలో కలపని పేరు, ఊరు కాని ఊళ్ళో, గుడి కాని గుళ్ళో ఏటా మోగుతూనే ఉందన్నమాట. ఈ మనిషి ఊరికే అలా చదివించడు. ఏదో చూశాడు. ఏం చూశారండీ అని అడిగితే సరిపోతుంది. ఆ ఒక్క మాటా మీరా అడగలేదు. ఒకవేళ ఈయన చూసింది వేరేదైతే? నీళ్ళలో ఈదుతూ కనపడ్డాడంటే? శత్రువుల ఓడ ఏదో వాణ్ణి పైకి లాగిందంటే?

"పరుపు వారం రోజులు ఎండలో వెయ్యండి," అని విల్లు భుజానేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఇంట్లో సాజిదా గలేబులు కుట్టే మిషను మీద ఉంది. మొగుడి మొహం చూసి ఊరుకునే మనిషి కాదు.

"ఏమైంది నీకు? అన్నం ముందు కూర్చుని పళ్ళెంలో గీతలు గీస్తున్నావు. నిన్న దిండులో కత్తెర పెట్టి కుట్టేశావు. గిరాకీ తెచ్చి మొహాన కొట్టి పోయింది."

చెప్పక తప్పలేదు. చెబుతుంటే మిషను మీద ఆమె పాదం ఆగింది.

"ఏం చూశాడంట?"

"అడగలా."

"ఎందుకడగలా?"

మీరా వేలికి కట్టుకున్న గుడ్డ పీకుతూ కూర్చున్నాడు.

"భయమంతా నీ ఒక్కడిదే అనుకుంటున్నావా ఏంది? తలుపు చప్పుడైతే నువ్వు గుమ్మం వంక చూస్తావు, నేను నీ వంక చూస్తా. వస్తే ఏం చెప్పాలా అని నీ గొడవ. ఎవరి పక్కన నిలబడాలా అని నాది. ఏది పెద్దదో నువ్వే చెప్పు."

ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట ఎప్పుడూ అనలేదామె. మీరా ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"ఫాతెహాకి పిలువు ఆయన్ని. మంచో చెడో అత్తమ్మ ముందే చెప్పనీ."

"అమ్మ తట్టుకోలేదు సాజిదా."

"అత్తమ్మ తట్టుకుంటుంది. తట్టుకోలేంది నువ్వు. నువ్వు పోకపోతే చెప్పు, ఆటో ఎక్కి నేనే పోతా గుణదలకి."

ఆమె అన్నంత పనీ చేస్తుంది. మీరానే వెళ్ళి పిలిచొచ్చాడు.

ఆ వారమే షబే బరాత్ వచ్చి వెళ్ళింది. అందరిళ్ళల్లోలాగే ఆదెమ్మ కూడా తన మొగుడు సైదులు పేరు, మామగారి పేరు, పుట్టి పోయిన బిడ్డల పేర్లు అన్నీ చదివించింది. పెద్దకొడుకు పేరు రానివ్వలేదు, షరా మామూలే. ఓడ రోజు పొద్దున్నే లేచి, చేతులు కడుక్కుని, మలీదాకి రొట్టెలు నలపడానికి కూర్చుంది. అర్ఫా పక్కన చేరి యాలక్కాయలు దంచుతోంది.

"నానమ్మా, బెల్లం మరీ ఎక్కువేస్తున్నావు. ఓడవాళ్ళకి షుగరొస్తుంది."

"నోర్ముయ్యవే. వాళ్ళంతా మీ నాయన కంటే చిన్న వయసోళ్ళు. ఎంతైనా తింటారు."

మధ్యాహ్నం ఇష్తియాక్ సాబు వచ్చాడు. ఇప్పుడాయనది తెల్లగడ్డం. ఆయన వెనకే అంతోని, ఇస్త్రీ చొక్కాతో, చేతిలో చక్కెరకేళీ అత్తంతో. మీరా ఎదురెళ్ళాడు. గుమ్మంలో నిలబడగానే నిఖా రోజు అమ్మ అన్న మాట గుర్తొచ్చింది.

"ఎవర్రా ఆ వచ్చింది?" ఆదెమ్మ లోపల్నుంచే అడిగింది.

"అంతోని గారమ్మా. ఈయన... నేవీలో..."

"మౌలాలి ఉన్న ఓడలోనే చేశానమ్మా," అన్నాడు అంతోని చెప్పులు విప్పుతూ.

ఆదెమ్మ చేతుల్లో మలీదా ముద్ద అలాగే ఉండిపోయింది. ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. చూసి, చిన్నకొడుకు వైపు తిరిగింది. ఆ మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"చూశావురా? చూశావా? బతికి బయటపడ్డోళ్ళు ఉన్నారు! ఈ నాయన రాలా? నేను చెబుతూనే ఉన్నానా!"

వంటింటి గుమ్మం వెనక సాజిదా గాజులు ఒక్కసారి కదిలి ఆగాయి. అంతోని ఇబ్బందిగా మీరా వైపు చూశాడు. మౌలాలి పోయాడనే మాటే ఈ ఇంట్లో లేదని ఆయనకి అప్పుడర్థమైంది. వచ్చి ఆదెమ్మ ఎదురుగా చాప మీద కూర్చున్నాడు.

"అమ్మా, పైన డెక్కు మీద ఉన్నవాళ్ళం కొందరం బయటపడ్డాం."

"మావాడెక్కడున్నాడు?"

"నాతోనే ఉన్నాడమ్మా, అంతకు కాసేపు ముందు దాకా."

"నాతోనే అంటే సరా? వాడేనని నమ్మకం ఏంటి? మావాడి నడక ఎట్టా ఉంటదో చెప్పు."

"ఎడం భుజం ముందుకేసి, ఎవర్నో పక్కకి నెట్టుకుంటూ పోతున్నట్టు నడిచేవాడు."

ఆ నడక వాడిదేనని ఆదెమ్మకి తెలిసిపోయింది. చెప్పమన్నట్టు చూసింది.

"వాడి డ్యూటీ అప్పుడు కాదమ్మా. కింద ఇంజను గదిలో ఒక మలయాళం కుర్రాడు ఉండాలి. వాడికి జొరం. మౌలాలి నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ లేచాడు. 'ఆ పిల్లోణ్ణి పైకి పంపిస్తానన్నా, కాస్త గాలి తగులుద్ది' అని కిందకి దిగాడు. కుర్రాడు పైకొచ్చి నా పక్కనే దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు. ఇంకాసేపటికే శత్రువుల టార్పెడో ఓడకి తగిలింది. తగలడం అడుగునే తగిలింది. అక్కడి నుంచి పైకి రావడానికి ఉన్నది ఒక్కటే దారి. ఆ వైపే ముందు మునిగింది. నేను నీళ్ళలో పడ్డాక వెనక్కి తిరిగి చూశాను. అటునుంచి ఎవరూ రాలేదమ్మా."

"చీకటి గదా. నువ్వు చూపు తిప్పుకున్నప్పుడు వచ్చి ఉంటాడు."

"తిప్పుకోలేదమ్మా. వాడి కోసమే చూస్తున్నా. మొత్తం మునిగిందాకా చూశా."

బయట వీధిలో ఉల్లిపాయలమ్మేవాడి కేక వినపడి, సందు మలుపు తిరిగి సన్నబడిపోయింది. ఆదెమ్మ ముద్దని పళ్ళెంలో పెట్టి, చేతికంటిన బెల్లం కొంగుకి తుడుచుకుంది.

"ఆ జొరం పిల్లోడు?"

"బయటపడ్డాడమ్మా. ఉన్నాడు. మనవలు కూడానూ."

"వాడికి తల్లి ఉందా అప్పటికి?"

"ఉందమ్మా."

"సరే. బతకనీ," అంది. ఆ మాటకి ఆమె ఎంత ఇచ్చుకుందో ఎవరికీ తెలియదు. ఇష్తియాక్ సాబు వైపు తిరిగింది. "పొద్దుపోతంది, చదువు సాబూ."

ఆయన ఏటా వాడే మాటే అందుకున్నాడు. "ఓడవాళ్ళందరికీ, ఒక్క..."

"ఒక్కడూ లేదు, ఇంకోడూ లేదు. అందరికీ."

ఇష్తియాక్ సాబు పైకెత్తిన చేతులు దించాడు. చాలా మెల్లగా అన్నాడు. "అమ్మా, ఇంటి బిడ్డని గుంపులో కలిపి చదవకూడదు. పేరు చెప్పాలి. తండ్రి పేరుతో సహా."

"నేను కన్నదాన్ని. ఈ నోటితో చెప్పమంటే నా వల్ల కాదు. ఒరే మీరా, నువ్వు చెప్పరా."

ఎన్నో ఏళ్ళుగా మీరా ఏ మాట వింటే తన ఇల్లు తనదవుతుందో ఆ మాట ఇప్పుడు తన నోటనే అనమన్నారు. అంటే అయిపోతుంది. ఇంకే తలుపు చప్పుడుకీ లేవక్కర్లేదు. నోరు తెరిచాడు. తను ఆ పేరు పలికితే అప్పటిదాకా నీళ్ళ మీద తేలుతున్న మనిషిని చేత్తో కిందకి నొక్కినట్టవుతుందని అనిపించింది. లోపల్లోపల ఎన్నిసార్లు ఆ పని చెయ్యలేదు కనక! మళ్ళీ ప్రయత్నించాడు. పెదాలు ఆడాయి గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. అర్ఫా భయపడి, "నాన్నా" అని మంచినీళ్ళు అందించింది. గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"మౌలాలి," అంది వంటింట్లోంచి సాజిదా. "సైదులు గారి కొడుకు మౌలాలి."

ఆ పేరు ఆమె నోట ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ విని ఉండలేదు. మొగుడి పేరు పెళ్ళాం పలుకుతుందా ఎక్కడైనా? అతనితో ఉన్న కాస్త కాలంలో పలకలేదు, తంతి వచ్చినప్పుడు పలకలేదు, జమాతు పెద్దల ముందు కూడా "వాళ్ళ అన్నగారు" అనే అంది. మీరాతో నిఖా అయ్యాక కూడా ఆ పేరు దగ్గరికొచ్చేసరికి మాట పక్కకి తప్పించేది. అందుకే మీరాకి గుండెలో ఒక మూల సందేహం, ఈమె లెక్కలో ఇప్పటికీ మొగుడు ఎవరా అని. ఇప్పుడామె గుమ్మం దాటి వచ్చి నిలబడింది, తల మీద ముసుగు సర్దుకుని, అత్తగారి కళ్ళల్లోకి చూస్తూ.

ఆదెమ్మ కూడా ఆమెనే చూసింది. తిట్టబోతోందనుకున్నారు అందరూ.

"విన్నావుగా సాబూ," అంది చివరికి. "చదువు."

ఇష్తియాక్ సాబు చదివాడు. అంతోని తలవంచి నుదుటి మీద, గుండె మీద తన సిలువ గుర్తు వేసుకున్నాడు. ఆదెమ్మ చేతులు చాలాసేపు ఒళ్ళోనే ఉన్నాయి. ఆమీన్ దగ్గర మాత్రం పైకి లేచాయి.

మలీదా తిన్నాక అంతోనిని బస్సెక్కించడానికి మీరా వెంట నడిచాడు. బరువు దిగితే తేలికగా ఉంటుందంటారు. మీరాకి అలా ఏమీ లేదు. కాపలా తీసేసిన గోదాములో నిలబడ్డట్టుంది. ఇన్నాళ్ళూ అన్న అంటే గుమ్మంలోకి రాబోయే మనిషి, సంచీ, చప్పుడు. ఆ మనిషి ఇక రాడని తెలిశాక వాడి స్థానంలో ఎవరున్నారో చూస్తే మొహం ఆనవాలు దొరకడం లేదు. కొట్లో ఫోటో తప్ప ఏదీ గుర్తుకు రావడం లేదు.

బస్టాపులో నిలబడ్డాక అడిగాడు.

"అంతోని గారూ, మా అన్న ఓడలో ఎట్లా ఉండేవాడండీ?"

అంతోని ఆశ్చర్యంగా చూశాడు. డాబా మీద దూది దుమ్ములో తను చెప్పబోయింది అదే.

"ఎట్లా ఉండేవాడా! ఒకసారి సెలవు నుంచి ఎండురొయ్యల కారం డబ్బా తెచ్చాడు తమ్ముడూ. మా వంటవాడు పంజాబీ. మూత తీసి వాసన చూసి, ఇందులో ఏదో చచ్చిందిరా అని అరిచి డబ్బాతో సహా సముద్రంలోకి విసిరేశాడు. మీ అన్న వాడి మీద అలిగి వాడు వండిన పప్పు తినడం మానేశాడు. ఉత్త రొట్టె నీళ్ళల్లో ముంచుకుని తినేవాడు. చివరికి ఆ పంజాబీవాడే దండం పెట్టాడు, అరే మౌలాలీ, పోయి మీ రొయ్యల్ని వెతికి తెస్తాను, దూకమంటావా అని!"

"ఆ డబ్బా నేనే మోసుకెళ్ళి రైల్లో పెట్టానండీ," అన్నాడు మీరా. "మూత మీద గుడ్డ వాసెన కట్టి నేనే ఇచ్చా. తర్వాత సెలవుకొస్తే ఎట్టా ఉందని అమ్మ అడిగింది. చాలా బాగుందన్నాడండీ. ఓడంతా తిన్నారన్నాడు."

అంటూండగానే ఏడుపొచ్చింది. కిక్కిరిసిన బస్టాపులో, తెల్లజుట్టు మనిషి, చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా తెలియక ఏడ్చాడు. ఇన్నేళ్ళలో అన్న కోసం అతను ఏడ్చింది అదే మొదటిసారి. అంతోని అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకి, అరుగు మీదకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు.

"ఓడంతా తిన్నారన్నాడా? దొంగ సచ్చినోడు," అన్నాడు.

గుణదల బస్సు వచ్చింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు, వెళ్ళింది.

"ఇంకా చెప్పండి," అన్నాడు మీరా.